మల్లేశ్ పేరు మీద కొట్టుకున్న నా గుండె

ఆ దినం నేను ఇస్త్రీ టేబుల్ కాడ నిలబడి గౌన్లు మడత పెడుతున్న. ఉన్నట్టుండి కండ్లు బైర్లు కమ్మినయి. చెవుల్ల గుయ్యిమని మోత. పడిపోతనేమోనని టేబుల్ అంచు గట్టిగ పట్టుకున్న. జెర సేపటికి అన్నీ మల్ల మామూలుగ కనబడ్డయి. పక్కన పనిచేసే ఆమె "ఏందక్కా, మొఖం గట్ల పాలిపోయింది?" అన్నది. "ఈ ఆవిరిల నీ మొఖం నవనవలాడుతున్నదా?" అని కసిరిన. నాకు మామూలుగనే నోరెక్కువ. భయమైతే ఇంకింత ఎక్కువైతది.

నా పేరు ఎస్తేరు. మాది గుమ్మడిదల దిక్కు ఊరు. బొల్లారంల ఒక మందుల కంపెనీల కాంట్రాక్టు కింద పనిచేస్తున్న. మందు పొడి తయారయ్యే బ్లాకులకు పోయేటోళ్లు ముందుగాల ఒక గదిల బట్టలు మార్చుకోవాలె. ఆ గదికి ఒక కిటికీ ఉంటది. ఉతికి ఇస్త్రీ చేసిన గౌను, టోపీ, మాస్కు ఆ కిటికీల నుంచి ఇచ్చేది నేనే. లోపటికి ఉంగరం పోవద్దు, గొలుసు పోవద్దు, చేతి దారం గూడ పోవద్దు. ఫోను, గడియారం అసలే పోవద్దు. మందుల ఏమన్న పడితే బ్యాచ్ బ్యాచే పారబొయ్యాలె. గందుకే వచ్చినోళ్లను వచ్చినట్టు నిలబెట్టి, "చెయ్యి చూపియ్యి, మెడ చూపియ్యి" అని పొద్దుందాక అరుస్తుంటి.

కండ్లు తిరుగుడు ఆగలే. ముందుగాల ఎప్పుడో ఒకసారి వచ్చేది. రాను రాను ఎక్కువైంది. బస్సెక్కితే ఆయాసం, బట్టల మూట లేపితే ఆయాసం. మా ఊరి ఆర్‌ఎంపీ డాక్టరు తాన పోతే "ఏం లేదక్కా, వీక్‌నెస్" అని సెలైన్ ఎక్కించి బలం సూది ఇచ్చిండు. మా ఆయన ట్రాలీ ఆటో నడుపుతడు. "పని బంద్ పెట్టి ఇంట్ల కూసో" అన్నడు. "కూసుంటే నువ్వు వండిపెడుతవా?" అన్న. చర్చిల సంఘపోళ్లు తల మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేసిండ్రు. అన్నీ అయినయి గని ఒక్క ఈసీజీ తీపిచ్చుకోలే. తల తిరుగుతుంటే రోగం తలల్నే ఉన్నదనుకున్న. గుండె దిక్కు నా సోయే పోలే.

ఇగ మల్లేశ్ సంగతి చెప్పాలె. మల్లేశ్ మా బ్లాకుల ఆపరేటర్. మా పక్క ఊరే, ఒక్కటే కంపెనీ బస్సుల వస్తుంటిమి. నాకంటె చిన్నోడు. అందరి తాన నోట్ల నాలుక లేనట్టుంటడు గని, నా కిటికీ కాడికొస్తే పరాచికం ఆడకుండ పోడు. "అక్కా, ఈ గౌను గింత వేడిగున్నదేంది, నీ కోపం గూడ కలిపి ఇస్త్రీ చేసినవా?" అనేటోడు. గట్ల నవ్వుకుంట తిరిగే మనిషికి గుండెపోటొచ్చింది. స్టెంట్ వేసిండ్రు. కొన్ని దినాలు ఇంటి కాడ ఉండి మల్ల డ్యూటీకొచ్చిండు. వచ్చినప్పుడు చేతికి నల్లటి గడియారం ఉన్నది.

అది టైము చూసుకునేది కాదు, దవాఖానోళ్లు ఇచ్చింది. పల్స్ ఎంతున్నది, ఆక్సిజన్ ఎంతున్నది, నిద్ర పట్టిందా లేదా, అన్నీ ఫోనుకు పంపుతది. ఫోను దవాఖానకు పంపుతది. అక్కడ ఒక సిస్టర్ కంప్యూటర్ ముంగట కూసోని చూస్తుంటది. ఏమన్న తేడా ఉంటే డాక్టరు వీడియో కాల్‌ల మాట్లాడి గోలీలు మారుస్తడు. పటాన్‌చెరు ట్రాఫిక్‌ల పడి పోవుడు లేదు, ఓపీల చీటీ పట్టుకోని కూసునుడు లేదు. నాకు మస్తు నచ్చింది. "దొరబాబువైనవురా, డాక్టరే నీ ఇంటికొస్తున్నడు" అన్న.

కష్టం ఎక్కడొచ్చిందంటే, గడియారం చేతి నుంచి తీస్తే రీడింగ్ ఆగిపోతది. ఆగితే సిస్టర్ ఫోన్ చేస్తది. మల్లేశ్ ఫోను లాకర్ల ఉంటది, ఎవరెత్తుతరు? అప్పుడు రెండో నంబరుకు చేస్తది. అది ఆయన భార్య బాలమణిది. పత్తి చేన్ల కూలికి పోయినామెకు ఫోను: "అమ్మా, మల్లేశ్ గారి రీడింగ్ రావట్లేదు. ఆయన బాగానే ఉన్నారా?" పాపం, ఆమె పానం ఎట్ల నిలబడుతది! ఒకసారి కాళ్లకు చెప్పుల్లేకుండ ఆటో పట్టుకోని కంపెనీ గేటు కాడికి ఉరికొచ్చింది. సెక్యూరిటీ ఆయన కబురు పంపితే మల్లేశ్ బయటికొచ్చిండు. మొగన్ని చూసి గేటు కాడనే కూలబడి ఏడ్చింది.

డ్యూటీల గడియారం పెట్టుకోనియ్యరని దవాఖానోళ్లకు చెప్పొచ్చు గద అని మీరంటరు. చెప్పిండు. "పని చేసేటప్పుడు గుండె ఎట్లుంటదో అదే మాకు ముఖ్యం" అన్నరంట. కంపెనీల చెప్తే, గడియారం లేకుంటే ఉండలేనోడు లోపట ఎందుకని ఇంటికి పంపుతరేమోనని వీనికి బుగులు. అటు పోలేక ఇటు రాలేక పరేషానైండు.

మా కిటికీ కాడ ఒక అలవాటున్నది. ఆడోళ్లు లోపటికి పోయే ముందు పుస్తెలు తియ్యాలె. పుస్తెలు కింద పెట్టొద్దంటరు, మేకుకు తగిలియ్యొద్దంటరు, లాకర్ల పెడితే మనసు నిలువదంటరు. గందుకే తీసి నా మెడల వేసి పోతుంటరు. నేను చర్చికి పోయేదాన్ని, నాకు పుస్తెల పట్టింపు లేదు గని వాళ్లకున్నది గద. ఒక్కో షిఫ్టుల నా మెడల ఎన్ని ఇండ్ల పుస్తెలుంటుండెనో నాకే తెల్వకుంటుండె. బయటికొచ్చినంక ఎవరియి వాళ్లు తీసుకోని పోతరు. మెడ గుంజేది గని, నన్ను గంతగనం నమ్ముతున్నరని లోపట సంబురముండేది.

గట్లనే బాలమణి గేటు కాడికొచ్చి ఏడ్చిన మర్నాడు మల్లేశ్ గడియారం తీసి కిటికీల నుంచి చాపిండు. "అక్కా, అందరియి మెడల వేసుకుంటవు, నాది జెర చేతికి పెట్టుకో. నేను బయటికొచ్చే దాక గంతే. బాలమణికి ఫోన్ పోదు" అన్నడు. ఆయన లాకరు గోడకు అవతలనే ఉన్నది, ఫోనుకు అందుతది. నేను చెయ్యి చాపిన. ఆయనే పట్టీ బిగించిండు. ఇద్దరం నవ్వుకున్నం. అందుల తప్పున్నదని మాకు కలల గూడ తోచలే. ఎవరి వస్తువు వాళ్లొచ్చే దాక ఒంటి మీద కాపాడుడే నా పని.

ఆ దినం నుంచి బాలమణికి ఫోన్లు బంద్ అయినయి. బస్సుల మల్లేశ్ మొఖం తేటగైంది. నాకు మాత్రం కండ్లు తిరుగుడు నడుస్తనే ఉన్నది.

ఒక పొద్దు మల్లేశ్ మైసూర్ పాక్ పొట్లం పట్టుకోని కిటికీ కాడికొచ్చిండు. "అక్కా, నోరు తెరువు" అన్నడు. "ఏందిరా, ప్రమోషనా?" అన్న. "గంతకంటె పెద్దది. రాత్రి డాక్టరు వీడియోల మాట్లాడిండు. నా గుండె మంచిగ నిమ్మళమైందంట. పల్స్ చాల తక్కువకొస్తున్నదంట. పల్స్ తగ్గించే గోలీ ఒకటి బంద్ పెట్టమన్నడు. వీలు చూసుకోని వచ్చి ఈసీజీ తీపిచ్చుకో, పరేషాన్ గావద్దు అన్నడు." ఆ మాట చెప్తున్నప్పుడు వాని కండ్లు మెరిసినయి. గోలీ తగ్గిందంటే రోగం తగ్గిందనే గద మాలాంటోళ్ల లెక్క. "దేవుడు చల్లగ చూసిండురా" అన్న. అని, మైసూర్ పాక్ నోట్ల పెట్టుకున్న. సరిగ్గ గప్పుడే నాకు తల తిరిగింది. కిటికీ కడ్డీ పట్టుకోని నవ్వుకుంట నిలబడ్డ. వాడు గడియారం విప్పి నా చేతికి కట్టి లోపటికి పోయిండు.

ఇప్పటికీ ఆ క్షణం కాడనే నా మనసు ఆగిపోతది. వాడు నా గుండె సంగతి నాకే చెప్పిండు. వాని గుండె మంచిగైందని నాకు తీపి తినిపిచ్చిండు. ఇద్దరికీ ఎరుక లేకపాయె.

ఈసీజీకి పోయే వీలు మల్లేశ్‌కు దొరకలే. ఆర్డర్లు ఎక్కువున్నయని ఓవర్ టైములు నడుస్తుండె. మంచిగనే ఉన్నది గద, వచ్చే వారం పోత అనేటోడు. ఇంటి కాడ పల్స్ పెరుగుతున్నదని సిస్టర్ ఒకసారి ఫోన్ చేసిందంట. డ్యూటీల మల్ల తక్కువ చూపియ్యంగనే వాళ్లు గూడ నిమ్మళపడ్డరట. ఇదంత నాకు తర్వాత తెలిసింది.

పనిల ఉండంగనే మల్లేశ్ కూలిపోయిండు. లోపటి నుంచి కేకలు వినబడ్డయి. నలుగురు పట్టుకోని బయటికి తెచ్చిండ్రు. వాని మొఖం చెమటతోని తడిసి ఉన్నది, రొమ్ము పట్టుకోని ఉన్నడు. అంబులెన్స్ వచ్చింది. సూపర్‌వైజర్ లాకర్ తీసి, "బాలమణికి నువ్వే చెప్పు ఎస్తేరమ్మా" అని ఫోను నా చేతుల పెట్టిండు. బాలమణికి చేసి, దవాఖానకు రమ్మని చెప్పిన. గంతల ఆ ఫోనే మోగింది. దవాఖాన సిస్టర్.

"మల్లేశ్ గారి ఇంటివాళ్లా అమ్మా? ఆయన పల్స్ ముప్పై ఎనిమిదికి పడిపోయింది. కళ్లు తిరుగుతున్నాయా అడగండి. వెంటనే పడుకోబెట్టండి."

స్ట్రెచర్ మీద వాడు కనబడుతున్నడు. రొమ్ము ఎగిరెగిరి పడుతున్నది. కండ్లు తిరుగుతున్నది నాకు. నా చెయ్యి చూసుకున్న. గడియారం నా చేతికి ఉన్నది.

కంపెనీ జీపుల వెనుకనే దవాఖానకు పోయిన. బాలమణి ఇంకా దారిల ఉన్నది. ఎమర్జెన్సీల మల్లేశ్ మంచం కాడికి నన్ను ఒక్క నిమిషం పోనిచ్చిండ్రు. ఒంటి నిండ వైర్లు. నన్ను గుర్తుపట్టిండు. "అక్కా, గడియారం ఉన్నదా?" అన్నడు. "ఉన్నది బిడ్డా" అన్న. "తియ్యకు. బాలమణికి ఫోన్ పోతది" అన్నడు. బాలమణికి అప్పటికే ఫోన్ పోయింది, నేనే చేసిన. "తియ్యనురా" అన్న. వాడు నాతోని అన్న ఆఖరి మాట గదే.

డాక్టరు మంచం పక్కనున్న మానిటర్ చూసిండు. పల్స్ నూట ముప్పై దాటి ఉరుకుతున్నది. చేతిల ట్యాబ్ చూసిండు. అందుల మల్లేశ్ పేరు కింద ముప్పై ఆరు. మల్ల మానిటర్ చూసిండు. ఆయన కండ్లు నా చెయ్యి మీద పడ్డయి.

"అమ్మా, ఈ వాచ్ మీ దగ్గరెందుకు ఉంది?"

"లోపటికి పోనియ్యరు సార్. డ్యూటీల ఉన్నప్పుడు నా చేతికి కట్టి పోతడు."

"ఎప్పటినుంచి?"

"బాలమణి గేటు కాడికి ఉరికొచ్చిన మర్నాటి నుంచి, దినాం."

ఆయన తిడుతడనుకున్న. తిట్టలే. నా చెయ్యి పట్టుకోని, వేళ్లు పెట్టి, తన గడియారం చూసుకుంట నాడి లెక్కపెట్టిండు. లెక్కపెడుతున్న కొద్ది ఆయన మొఖం మారింది. "మీరు ఇక్కడ కూర్చోండి. లేవకండి. సిస్టర్, ఈమెకు ఈసీజీ" అన్నడు. "నాకేమైంది సార్, ముందుగాల వాణ్ణి చూడుండ్రి" అన్న. "ఆయన్ని చూస్తున్నాం. ఇప్పుడు మిమ్మల్ని కూడా చూడాలి" అన్నడు.

కాయితం మీద గీతలొచ్చినయి. "కంప్లీట్ హార్ట్ బ్లాక్" అన్నడు. గుండెల పై గది కొట్టుకునేదానికి కింది గది కొట్టుకునేదానికి సంబంధం తెగిపోయిందంట. ఎప్పుడన్న ఆగిపోవచ్చంట. మా ఆయన వచ్చి సంతకం పెట్టిండు. తొడ కాడి నుంచి వైరు పంపి, గుండెను సరిగ్గ కొట్టిచ్చే టెంపరరీ పేస్‌మేకర్ పెట్టిండ్రు. గుండె రోగులను ఉంచే సీసీయుల మల్లేశ్‌కు నాకు నడుమ రెండు పరదాలున్నయి. నా మిషన్ ఒక తీరు టిక్కు టిక్కుమంటది, వాని మిషన్ ఆగమాగం మోగుతది. కండ్లు మూసుకోని వాని మిషనే వింటున్న. మర్నాడు నన్ను ఆపరేషన్‌కు తీసుకపోయిండ్రు. పర్మనెంట్ పేస్‌మేకర్ ఎడమ భుజం ఎముక కింద పెట్టిండ్రు. తిరిగి వచ్చేసరికి పరదాల అవతల సప్పుడు లేదు.

"వార్డుకు మార్చిండ్రా?" అని అడిగిన. సిస్టర్ "రెస్ట్ తీసుకోండమ్మా" అన్నది. మా ఆయన గోడ దిక్కు చూసిండు. వాడు లేడని గప్పుడు సమజైంది.

బాలమణి పరదా జరిపి నా మంచం కాడికొచ్చింది. "నా మొగని చేతిది నీ చేతికెందుకున్నదే?" అని దవాఖాన దద్దరిల్లేటట్టు ఒర్లింది. నర్సులు పట్టుకోని తీసుకపోయిండ్రు.

గాయం జల్దీ మానలే. మిషన్ పెట్టిన కాడ నెత్తురు గడ్డకట్టి వాచింది, జరమొచ్చింది. యాంటీబయాటిక్ మీద మల్ల కొన్ని దినాలు దవాఖానల్నే ఉన్న. చెయ్యి భుజం పైకి లేపొద్దన్నరు. జడ వేసుకోరాదు, దండెం మీద బట్టలు వెయ్యరాదు. మా ఆయన జడ వేస్తే అది తోకలెక్క వంకర పోయేది. తిడుదామని నోరు తెరిచి ఏడ్చేదాన్ని.

దవాఖాన నుంచి ఇంటికొచ్చే ముందు, మల్లేశ్ తోని వీడియోల మాట్లాడిన డాక్టరును ఒక్కటే అడిగిన. "సార్, ఆ గోలీ బంద్ చెయ్యకపోతే వాడు బతుకుతుండెనా?" "అమ్మా, ఖచ్చితంగా చెప్పలేను. ఆ టాబ్లెట్ ఆయన గుండెకు కాపుదల. అది ఆపడం మంచిది కాలేదు. నేను నంబరు చూసి ఆపాను. ముందు ఈసీజీ తీసి ఆపాల్సింది" అన్నడు. ఆయన తప్పు ఆయన ఒప్పుకున్నడు. నాకు గాయన మీద కోపం రాలే. వచ్చుంటే జెర తేలికైతుండెనేమో.

ఇప్పుడు నా మంచం పక్కన చిన్న డబ్బా ఉంటది. నేను పండుకున్నంక అది పేస్‌మేకర్ సంగతులన్నీ దవాఖానకు పంపుతది. ఫోన్ల డాక్టరు మాట్లాడుతడు. మాట్లాడే ముందు సిస్టర్ నా పేరు అడుగుతది, మొఖం చూపియ్యమంటది, మిషన్ ఉన్న భుజం చూపియ్యమంటది. మల్లేశ్ తర్వాతనే ఈ కాయిదా పెట్టిండ్రంట. "మీ గుండె బాగుందమ్మా" అని డాక్టరు అంటడు. ఆ మాట వినంగనే నాకు నోరంత ఆ మైసూర్ పాక్ తీపైతది. గడియారం లేకుంటే నా రోగం బయటపడకుండె. అది నిజం. ఆ పట్టీ బిగించినట్టు ఎడమ మణికట్టు ఇప్పటికీ గుంజుతది. అదీ నిజం. ఆ చేతికి గాజులు వేసుకుంటలేను.

పనికి మల్ల పోతున్న. కిటికీ కాడ వద్దని చెప్పి లోపట మడత పెట్టే కాడ కూసుంటున్న. అయినా షిఫ్టు మారేటప్పుడు ఎవరన్న "అక్కా" అని పిలిస్తే, చెయ్యి దానంతటదే ముంగటికి పోతది.

మొన్న ఒక ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి బాలమణి మా గడప కాడ కూసోని ఉన్నది. నాకు గుండె దడదడలాడాలె గని మిషన్ ఉన్నది గద, నిమ్మళంగనే కొట్టుకుంటున్నది. కొట్టనీకి వచ్చిందేమోననుకున్న, కొట్టినా పడుదామనుకున్న. ఆమె చేతుల మల్లేశ్ ఫోనున్నది. "వదినా, ఇందుల ఆయన గుండెది ఇంకా ఉన్నది. గని నీది గూడ కలిసి ఉన్నది. ఆయనది ఏదో నాకు చూపియ్యి" అన్నది.

ఇద్దరం అరుగు మీద కూసున్నం. యాప్ తెరిచిన. డ్యూటీ ఉన్న పగళ్లన్నీ నాయి, కిందికి జారి ఉన్నయి. సాయంత్రం బస్సు దిగినకాడ నుంచి మల్లేశ్‌ది. "ఇది ఇంటికి నడిచొచ్చింది. ఇది తిని పండుకున్నది" అని చెప్పుకుంట పోయిన. ఒక కాడ గీత బాగ ఎత్తుకు లేచి ఉన్నది. బాలమణి వేలు పెట్టి ఆపింది. "ఆ దినం నేను లొల్లి పెట్టుకున్న. పండుగకు మా అమ్మగారింటికి తోలుకపొమ్మంటే ఓవర్ టైమున్నదన్నడు" అని నవ్వింది. నవ్వుకుంటనే కొంగు నోట్ల కుక్కుకున్నది.

పొద్దు గూకే దాక గట్లనే చూసినం. లేచి పోయేటప్పుడు అన్నది: "నాకు ఫోన్ పోవద్దనే గద వదినా, మీరిద్దరు గిట్ల చేసింది. పోతే పోతుండె. దినాం గేటు కాడికి ఉరికొస్తుంటి. దినాం ఏడుస్తుంటి. గని ఏడ్చినంక మనిషిని చూసుకోని పోతుంటి గద."

గందుకే ఇది చదివేటోళ్లకు నేను చెప్పేది ఒక్కటే. దవాఖానోళ్లు మీ ఒంటికి పెట్టిన మిషన్ తియ్యవలసి వస్తే తియ్యుండ్రి. తీసి అట్లనే పక్కన పెట్టుండ్రి. ఎంత సొంత మనిషైనా ఇంకొకరి చేతికి మాత్రం కట్టకుండ్రి. రీడింగ్ ఆగిపోతది, ఇంటికి ఫోన్ పోతది, ఇంటోళ్లు భయపడుతరు. భయపడనియ్యుండ్రి.